తుఫానులో నీళ్ళెక్కడికి పోయాయి?

2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వస్తున్నప్పటి సంగతి ఇది. ఆ వారం మాకు రిలీజు. హైదరాబాదులో ఆఫీసులో కూర్చుని ఒక మానిటర్లో సర్వర్ లాగులు, రెండో మానిటర్లో ఉపగ్రహం పంపిన మేఘాల బొమ్మ పెట్టుకుని చూస్తున్నాను. తీరం దాటేది మచిలీపట్నానికీ కళింగపట్నానికీ మధ్య, కాకినాడ చుట్టుపక్కల అంటున్నారు. మాది దివిసీమ. నాయనమ్మ ఇప్పటికీ ఊళ్ళోనే ఉంటుంది, ఎంత చెప్పినా రాదు. భోజనాల టైములో ఫోన్ చేశాను.

"నాయనమ్మా, పెద్ద తుఫాను వస్తోందంట. అవనిగడ్డలో అత్తయ్యా వాళ్ళింటికి వెళ్ళిపో. సాయంత్రం లోపలే వెళ్ళు."

"గాలేనా, ఉప్పెన కూడా అంటున్నారా?"

"తుఫాను అంటే అన్నీ ఉంటాయి కదా నాయనమ్మా."

"అన్నీ ఎట్టా అవుద్దిరా? గాలి గాలే, ఉప్పెన ఉప్పెనే. పెద్ద సదువులు సదివావు, అది కూడా తెలీదా?"

తెలీదు. నిజంగానే తెలీదు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, ఆపైన ఆరేళ్ళు వేరియబుల్‌కి సరైన పేరు పెట్టలేదని జూనియర్ల కోడు వెనక్కి పంపిస్తున్న నాకు, మా ఊరి మీద పడే రెండు వేర్వేరు వస్తువులకి ఒకే పేరు పెట్టి పిలుస్తున్నానని డెబ్భై ఏళ్ళ ముసలమ్మ చెప్తేగానీ తట్టలేదు :-)

ఆవిడ మొత్తానికి వెళ్ళింది. ఆ రాత్రి తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మా ఇంట్లో ఒక కొబ్బరిచెట్టు పడింది, అంతే. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. తుఫాను అనే మాటలో అసలు ఏముంది? గాలా, వానా, నీళ్ళా? ఎక్కడ పుట్టింది? మనదాకా ఎలా వచ్చింది? ఒకరకంగా ఆ మాట మీద గిట్ బ్లేమ్ కొట్టి చూశానన్నమాట. కమిట్ హిస్టరీ నేననుకున్న దానికంటే చాలా పెద్దది.

ముందు వాడుక సంగతి చూద్దాం. మనకి తుఫాను ఎంత ఇంటి మాటైపోయిందంటే, అది పరాయి మాటని ఎవరికీ అనిపించదు. హౌరా నుంచి ఢిల్లీ వైపు ఒకప్పుడు తూఫాన్ ఎక్స్‌ప్రెస్ నడిచేది. 2013లో రామ్ చరణ్ సినిమా తెలుగులో తుఫాన్ పేరుతో వచ్చింది. పెళ్ళిళ్ళకీ తీర్థయాత్రలకీ ఊరంతా కలిసి మాట్లాడుకునే బండి పేరు తుఫాను. "తుఫాను బోల్తా, పదిమందికి గాయాలు" అని పేపర్లో చదివి, మనలో ఎవరూ గాలివాన బోర్లా పడిందనుకోరు. రాజకీయాల్లో తుఫాను, క్రికెట్లో తుఫాను ఇన్నింగ్స్, టీ కప్పులో తుఫాను. స్పెల్లింగులో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. కొందరు తుఫాను అంటారు, కొందరు తుపాను అంటారు. ఈ రెండో రూపమే మన నోటికి దగ్గర. తెలుగుకి సొంతంగా ఆ ఫకారం లేదు కాబట్టి పరాయి ఫ వస్తే ప చేసుకోవడం మనకి అలవాటు.

ఆ ఫ ఎక్కడిదంటే పారశీకంది. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవుకీ పర్షియాకీ మధ్య ఓడలు తిరిగేవి. కచేరీలో పారశీకం, సిపాయిల నోట్లో, బజార్లో దక్కనీ ఉర్దూ. దస్తావేజు, జమీను, హుకుం, ఖైదు వచ్చిన దారినే తుఫాను కూడా మనకి వచ్చింది. పారశీకానికి అరబ్బీ నుంచి వచ్చింది. ఇక్కడిదాకా పేచీ లేదు. అరబ్బీ దగ్గరే కథ మొదలవుతుంది.

ఎందుకంటే భూమ్మీద మూడు చోట్ల, ఒకదానికొకటి ఎంతో దూరంలో, ఇంచుమించు ఒకే చప్పుడుతో ఉన్న మూడు మాటలు దొరుకుతాయి. ముగ్గురూ "ఇది నాది" అనేవాళ్ళే.

మొదటిది గ్రీకు. వాళ్ళ పురాణాల్లో టైఫోన్ అని ఒక రాక్షసుడున్నాడు. భుజాల మీంచి వంద పాము తలలు. జ్యూస్ వాడిని పిడుగులతో కొట్టి పాతాళానికి తోసేస్తాడు. ఓడల్ని చెల్లాచెదురు చేసి నావికుల్ని ముంచే చెడ్డ గాలులన్నీ వాడి నుంచే పుట్టాయని హెసియోడ్ అనే కవి చెప్పాడు. ఆయన క్రీస్తుకి ఏడెనిమిది వందల ఏళ్ళ ముందువాడు. తర్వాత అరిస్టాటిల్ వాతావరణం మీద రాసిన గ్రంథంలో అదే మాటని రాక్షసుడితో పనిలేకుండా సుడిగాలికి వాడాడు. బైబిల్లో అపొస్తలుల కార్యాల్లో పౌలు ఎక్కిన ఓడ మీద క్రేతు దీవి వైపు నుంచి ఒక గాలి ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది. గ్రీకు మూలంలో దానికి వాడిన విశేషణం ఈ టైఫోన్ నుంచి వచ్చిందే. మన తెలుగు బైబిల్లో అక్కడ పెనుగాలి అని ఉంటుంది. అంటే గ్రీకులో మొదటినుంచీ ఇది గాలి మాటే, అదీ హఠాత్తుగా వచ్చే గాలి.

రెండోది చైనా. కాంటన్ వైపు మాటలో "దాయ్ ఫుంగ్" అంటే పెద్ద గాలి. పుకియన్, తైవాన్ వైపు ఇంకో మాట ఉంది, "హోంగ్ థాయ్" అని. ఇందులో గాలి అనే ముక్క ముందు వస్తుంది. అంతకంటే పాతది "జూ ఫెంగ్". 5వ శతాబ్దంలోనే దక్షిణ చైనా గురించి రాసిన ఒక గ్రంథంలో ఈ మాటకి అర్థం చెప్పారు: నాలుగు దిక్కుల నుంచీ వీచే గాలి అని. దీన్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం. తమాషా ఏంటంటే, ఇవాళ చైనా, జపాన్ వాళ్ళు టైఫూన్‌కి రాసే మొదటి అక్షరం అంత పాతదేం కాదు. చైనాలో 17వ శతాబ్దం చివరికిగానీ కనిపించదు. జపాన్లో ఒకాడా టకెమట్సు అనే వాతావరణ శాస్త్రవేత్త 20వ శతాబ్దం మొదట్లో ఆ మాటని శాస్త్ర పదంగా స్థిరపరిచాడు.

మూడోది అరబ్బీ తూఫాన్. దీని అర్థమే నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టింది.

అరబ్బీలో తూఫాన్ అంటే మొదట గాలి కాదు. వరద. జలప్రళయం.

ఖురాన్లో ఈ మాట రెండుసార్లు వస్తుంది. ఒకటి నూహు ప్రవక్త కాలపు జలప్రళయం గురించి, బైబిల్లో నోవహు అంటామే ఆయనే. రెండోది ఫరో జనం మీదకి వచ్చిన ఆపదల జాబితాలో. అరబ్బీ వ్యాకర్తలు దీన్ని "చుట్టూ తిరగడం" అనే ధాతువుకి ముడిపెట్టారు. కాబా చుట్టూ చేసే ప్రదక్షిణని తవాఫ్ అంటారు, అదే ధాతువు. చుట్టుముట్టేది కాబట్టి తూఫాన్ అని వాళ్ళ వివరణ. కొత్త తరం పండితుల్లో చాలామంది మాత్రం ఇది అరబ్బీకి దాయాది అయిన సిరియాక్ నుంచి వచ్చిందంటారు. అందులో తౌఫానా అంటే నేరుగా వరదే. ఏ దారిన చూసినా తూఫాన్ కడుపులో ఉన్నది నీళ్ళు.

మరి నీళ్ళ మాట గాలి మాట ఎలా అయింది? సముద్రం మీద అయింది. హిందూ మహాసముద్రంలో తిరిగిన అరబ్బు నావికులకి వానా గాలీ అలలూ అన్నీ కలిసి ఒకేసారి మీదపడేవి. నడిసముద్రంలో ఉన్నవాడికి వరద అంటూ వేరే ఏముంటుంది? చుట్టూ ఉన్నదంతా నీళ్ళేగా. ఆ మాటలో మిగిలింది గాలే. 15, 16 శతాబ్దాల నాటికి వాళ్ళ నౌకాశాస్త్రాల్లో తూఫాన్ అంటే సముద్రం మీద వచ్చే గాలివాన అయిపోయింది, దానికి రకాలూ పేర్లూ కూడా ఉండేవి.

అందులో ఒకటి ఏనుగు తుఫాను. 1554లో సీదీ అలీ రయీస్ అనే తురుష్క నౌకాధిపతి బస్రా నుంచి పడవల దండుని ఈజిప్టుకి చేర్చాలని బయల్దేరాడు. దారిలో పోర్చుగీసు వాళ్ళతో రెండు యుద్ధాలు, ఆపైన ఈ ఏనుగు తుఫాను. కొట్టుకుపోయి కొట్టుకుపోయి గుజరాత్ తీరంలో తేలాడు. ఇంక ఓడలు పనికిరావని సూరత్‌లో వదిలేసి, భూమార్గాన ఇంటికి బయల్దేరాడు. ఢిల్లీలో హుమాయూన్ పాదుషాని కలిశాడు, హుమాయూన్ మెట్ల మీంచి పడి చనిపోయినప్పుడు అక్కడే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి 1557. ఒక్క తుఫాను మూడేళ్ళ డీటూర్ పెట్టించింది. ఆయన ఇదంతా ఒక పుస్తకంగా రాశాడు, ట్రావెలాగ్ అంటే అదీ.

తర్వాత పోర్చుగీసు వాళ్ళు వచ్చారు. వాళ్ళకి అరబ్బు మాలుముల నోట తూఫాన్ వినిపించింది, చైనా తీరంలో దాయ్ ఫుంగ్ వినిపించింది, చదువుకున్న పాద్రీలకి గ్రీకు టైఫోన్ ముందే తెలుసు. మూడు టీములు ఒకళ్ళకొకళ్ళు తెలియకుండా ఒకే ఫంక్షన్‌కి ఒకే పేరు పెట్టుకుంటే, నాలుగోవాడొచ్చి "ఓహో, మూడూ ఒకటే" అని మెర్జ్ కొట్టేసినట్టు, వాళ్ళ భాషలో తుఫావ్ అని స్థిరపడింది. ఇంగ్లీషులోకి ఆ మాట 1588లో దిగింది. చెజారే ఫెదెరీచీ అనే వెనిస్ వర్తకుడి యాత్రా కథనాన్ని ఆ ఏడు ఇంగ్లీషులోకి అనువదించారు, అందులో టఫాన్ అన్నట్టుండే స్పెల్లింగుతో కనిపిస్తుంది. ఇక్కడ మనం కాలరెగరేసుకోవచ్చు. ఆయన చెప్పింది చైనా సముద్రం గురించి కాదు, మన బంగాళాఖాతం గురించే. టైఫూన్ అనగానే జపానో ఫిలిప్పీన్సో గుర్తొస్తుంది ఇవాళ, కానీ ఇంగ్లీషువాడి కాగితం మీద ఆ మాట మొదట తడిసింది మన నీళ్ళలో.

ఈ మూడింటిలో ఏది ఎవరికి అమ్మ, ఏది కూతురు అని నిఘంటుకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో కూడా దీని మీద పెద్ద చర్చే ఉంది. నా మటుకు నాకు ఎవరు గెలిచినా ఒకటే. మన తెలుగు తుఫాను మాత్రం నిస్సందేహంగా అరబ్బీ, పారశీకం గుండా వచ్చింది. అంటే నీళ్ళున్న కొమ్మ నుంచి వచ్చింది. వచ్చేసరికి నీళ్ళు ఇంకిపోయాయి, అంతే.

ఇప్పుడు సైక్లోన్ సంగతి. ఇది ఇంకో గ్రీకు మాట, కానీ గ్రీసులో పుట్టలేదు, కలకత్తాలో పుట్టింది. హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఓడ కెప్టెన్‌గా చేసి, తర్వాత కలకత్తాలో స్థిరపడ్డాడు. పాత ఓడల లాగ్ పుస్తకాలు పోగేసుకుని, ఏ ఓడకి ఏ గంటకి ఏ దిక్కు నుంచి గాలి కొట్టిందో కాగితం మీద పెట్టి చూశాడు. తుఫాను మధ్యకి ఉత్తరాన ఉన్నవాడికి తూర్పు గాలి, దక్షిణాన ఉన్నవాడికి పడమటి గాలి, అన్నీ కలిపితే గుండ్రంగా తిరుగుతోంది. మనం నాలుగు సర్వర్ల లాగులు పక్కపక్కన పెట్టుకుని బగ్గు పట్టుకున్నట్టే. 1848లో వేసిన తన పుస్తకంలో దానికి సైక్లోన్ అని పేరు పెట్టాడు, పాము చుట్ట అనే అర్థం వచ్చేట్టు. చైనావాళ్ళు "నాలుగు దిక్కుల గాలి" అన్నది గుర్తుందా? అదే సంగతి, పదమూడు వందల ఏళ్ళకి పైగా ఆలస్యంగా, లెక్కలతో సహా.

ఆయన పరిశీలించిన తుఫానుల్లో మన కోరంగివి ఉన్నాయి. గోదావరి నోటి దగ్గర, ఇవాళ కాకినాడ పక్కన మడ అడవుల అభయారణ్యం ఉన్న చోటే, ఒకప్పుడు పెద్ద రేవుపట్నం. ఓడలు కట్టేవాళ్ళు. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడివాళ్ళు "కోరంగీలు" అనే పిలిచేవాళ్ళంటే ఆ రేవు ఎంతటిదో చూడండి. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పట్నాన్ని ముంచేశాయి. ఇరవై వేలమంది పోయారని రాశారు. మళ్ళీ కట్టుకున్నారు. 1839 నవంబరులో మళ్ళీ వచ్చింది. ఈ రెండోసారి మూడు లక్షలమంది చనిపోయారని చాలాచోట్ల కనిపిస్తుంది కానీ, అంత పెద్ద అంకెని నేను నమ్మను. అప్పట్లో ఆ రేవు చుట్టుపక్కల అంత జనం ఎక్కడున్నారు? అంకె ఏదైనా, కోరంగి మళ్ళీ లేవలేదు. 1864 నవంబరు 1న బందరు వంతు. ముప్పై వేలమంది.

ఈ మూడు చోట్లా మనుషుల్ని చంపింది గాలి కాదు. సముద్రం లేచి ఊళ్ళోకి వచ్చింది. మన తీరంలో దానికి ఒక మాట ఉంది: ఉప్పెన. పిడింగ్టన్ రెండు ఇంగ్లీషు మాటలు అతికించి తుఫాను అల అని చెప్పాల్సొచ్చింది. ఇవాళ్టి శాస్త్రవేత్తలూ స్టార్మ్ సర్జ్ అని రెండు మాటలే వాడతారు. మనకి ఒక్కటి చాలు. అంటే మన తీరం ఆ వస్తువుని ఎన్నిసార్లు చూసి ఉండాలి! ఒక వస్తువుకి విడిగా చిన్న పేరు పెట్టుకున్నారంటే దానితో రోజూ పనైనా పడి ఉండాలి, ప్రాణమైనా పోయి ఉండాలి.

ఉప్పెన ఎలా వస్తుందో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే ఇక్కడే నాయనమ్మ మాట నిజమవుతుంది. తుఫాను మధ్యలో పీడనం తగ్గడం వల్ల సముద్రం కొంచెం పైకి లేస్తుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. అంటే పెద్ద తుఫానుకైనా ఈ లెక్కన ఇంచుమించు మీటరే. మిగతాదంతా గాలి నెట్టుకొచ్చే నీళ్ళు. లోతైన సముద్రంలో ఆ నీళ్ళు కిందకి జారుకుంటాయి. మన తీరం దగ్గర లోతు తక్కువ, జారుకోవడానికి చోటుండదు, ఎత్తుగా పోగుపడి ఒడ్డెక్కుతాయి. పైగా మన అర్ధగోళంలో తుఫాను అపసవ్యంగా తిరుగుతుంది కాబట్టి, అది తీరం దాటే చోటికి కుడిపక్క ఉన్నవాళ్ళ మీదకి గాలి సముద్రం వైపు నుంచి వీస్తుంది. ఎడమపక్కన ఉన్నవాళ్ళకి భూమి వైపు నుంచి వీస్తుంది. ఒకే తుఫాను, ఒకే వేగం, కానీ ఎడమపక్క ఊరికి గాలి, కుడిపక్క ఊరికి ఉప్పెన.

1977 నవంబరు 19, శనివారం. తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. దివిసీమ దానికి కుడిపక్కన ఉంది.

అప్పుడు నాయనమ్మకి ఇరవై రెండేళ్ళు. నాన్నకి నాలుగేళ్ళు. నాన్న తర్వాత ఇంకో పిల్లాడు, పాలు తాగే బిడ్డ. మా ఇంట్లో ఈ కథ నేను పూర్తిగా విన్నది మొన్న మొంథా తర్వాతే, నేను ఈ మాటల గొడవలో పడి పదేపదే అడిగితే చెప్పింది. రేడియోలో తుఫాను అన్నారంట. ఊళ్ళో రేడియో ఉన్నవాళ్ళు ఇద్దరే, వాళ్ళు చెప్పారు. తుఫాను అంటే అందరికీ తెలుసు. కప్పు మీద మోకులు కట్టారు, గొడ్లని చావడిలోకి తోలారు, తలుపులకి అడ్డకర్రలు పెట్టారు, పిల్లల్ని తీసుకుని లోపల కూర్చున్నారు. గాలికి ఏం చెయ్యాలో అదంతా పద్ధతిగా చేశారు.

"గాలైతే తలుపులు మూసుకుంటే ఆగుద్ది నాన్నా. నీళ్ళు ఆగవు కదా" అంది.

సాయంకాలం పూట నీళ్ళు వచ్చాయి. మొదట గుమ్మంలోకి, చూస్తుండగా నడుం దాకా, ఆ తర్వాత ఇల్లే లేదు. తాతయ్య నాన్నని భుజాన వేసుకుని తాడిచెట్టుకి పంచెతో కట్టేసుకున్నాడు. నాయనమ్మ ఇంకో చెట్టు దొరకబుచ్చుకుంది. చంకలో పిల్లాడు. తెల్లారేసరికి చెట్టుంది, నాయనమ్మ ఉంది. ఆవిడ అంతవరకే చెప్పింది. నేను ఆ తర్వాత ఏమీ అడగలేదు.

ఆ రోజు అయిదు మీటర్ల ఎత్తున నీళ్ళు లేచాయని, పది పన్నెండు కిలోమీటర్లు లోపలికి వచ్చాయని నివేదికలు చెప్తాయి. ప్రభుత్వ లెక్కే పదివేల దాకా ఉంది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని మా వైపు అందరూ అంటారు. నేను ఎవర్నీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. రోడ్లు లేవు, ఫోన్లు లేవు, వంతెనలు లేవు, ఖాళీ చేసి వెళ్ళమన్నా వెళ్ళడానికి చోటు లేదు. కానీ ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. ఆ కబురులో తుఫాను బదులు ఉప్పెన అనే ఒక్క మాట ఉండుంటే, కనీసం తలుపులు మూసుకుని లోపల కూర్చునేవాళ్ళు కాదేమో.

ఇది నా భావావేశమే అనుకున్నాను కొన్నాళ్ళు. తర్వాత హయాన్ గురించి చదివాను. 2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌లో తాక్లోబాన్ నగరం మీద పడిన మహా టైఫూన్. ఆరువేల పైచిలుకు మంది పోయారు. హెచ్చరికలు బాగానే వచ్చాయి, స్టార్మ్ సర్జ్ వస్తుందని ముందే చెప్పారు కూడా. అయితే ఆ ఇంగ్లీషు మాటకి అర్థం జనంలో చాలామందికి తెలియలేదు. గాలి అనుకుని ఇళ్ళలోనే ఉండిపోయారు. సునామీ వస్తుందని చెప్పుంటే పారిపోయేవాళ్ళమని బతికినవాళ్ళు తర్వాత చెప్పారు. ఆ ఊరికీ మా ఊరికీ మధ్య కొన్ని వేల కిలోమీటర్లు, ముప్పై ఆరేళ్ళు. అదే నవంబరు, అదే పొరపాటు.

మన దగ్గర ఆ తర్వాత చాలా మారింది, అది కూడా చెప్పాలి. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుఫాను ఇదే కృష్ణా తీరాన్ని కొట్టింది. అప్పటికి ఉపగ్రహాలొచ్చాయి, షెల్టర్లు కట్టారు, లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. 2014లో హుద్‌హుద్ విశాఖ నడినెత్తి మీద పడినా ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. ఇవాళ తుఫాను హఠాత్తుగా రాదు, ముందే పేరు పెట్టుకుని మరీ వస్తుంది. ఈ పేర్ల పద్ధతి మన సముద్రానికి 2004లో మొదలైంది. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పిట్ట పేరు, తిత్లీ పాకిస్తాన్ ఇచ్చిన సీతాకోకచిలుక, మొంథా థాయ్‌లాండ్ ఇచ్చిన పువ్వు. 2020లో పదమూడు దేశాలు కలిసి 169 పేర్లతో కొత్త జాబితా వేశాయి.

శాస్త్రవేత్తలు గాలికి ఎంత ఖచ్చితంగా పేర్లు పెట్టారో చూస్తే ముచ్చటేస్తుంది. గంటకి 62 కిలోమీటర్లు దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను, 222 దాటితే సూపర్ సైక్లోన్. ఈదురుగాలికి కూడా నిర్వచనం ఉంది. గాలివేగం ఉన్నట్టుండి కనీసం 30 కిలోమీటర్లు పెరిగి, 40 దాటి, ఒక్క నిమిషమైనా నిలవాలి. గమనించండి, ఈ మెట్లన్నీ గాలివేగం మీద కట్టినవే. తుఫాను పెద్దదా చిన్నదా అన్నది గాలి చెప్తుంది. నీళ్ళు ఎంత వస్తాయన్నది బులెటిన్లో కింద వేరే పేరాలో ఉంటుంది. మొంథా అప్పుడు కూడా ఉంది: మామూలు పోటు కంటే మీటరు దాకా అదనంగా ముంపు అని. నేను ఆ పేరా దాకా స్క్రోల్ చెయ్యలేదు. నాయనమ్మ ఫోన్లో మొట్టమొదట అడిగింది ఆ పేరా గురించే.

పాలగుమ్మి పద్మరాజు గారి కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ళ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది కదా, దాని పేరు గాలివాన. తుఫాను కాదు. గాలి, వాన, దేనికది విడివిడిగా చెప్పి అతికించిన మాట. మన పెద్దవాళ్ళ లెక్క అలా ఉండేది. గాలి, వాన, ఉప్పెన. మూడింటికీ మూడు రకాల జాగ్రత్తలు. గాలికి తలుపు మూసుకో, వానకి మెరక చూసుకో, ఉప్పెనకి ఊరొదిలి వెళ్ళు. మనం వీటన్నిటినీ ఒక పెద్ద క్లాసులో పడేసి తుఫాను అని పేరు పెట్టాం, లోపల ఏముందో డాక్యుమెంటేషన్ రాయలేదు.

తుఫాను మాట మీద నాకు కోపం లేదు. నూహు ప్రళయం దగ్గర బయల్దేరి, ఏనుగు తుఫానులో తడిసి, బందరు రేవులో దిగిన మాట అది, ఉండనిద్దాం. నా విన్నపం ఒకటే. ఈసారి తీరం వైపు ఊళ్ళో ఉన్న అమ్మకో, తాతకో ఫోన్ చేసేటప్పుడు "తుఫాను వస్తోందంట, జాగ్రత్త" అని పెట్టెయ్యకండి. గాలి ఎంత, వాన ఎంత, ఉప్పెన ఉందా లేదా, మూడూ విడివిడిగా చూసి చెప్పండి. అయిదు నిమిషాల పని.

మొంథా వెళ్ళిపోయిన తర్వాత నాయనమ్మని మళ్ళీ ఊరికి దింపడానికి నేనే వెళ్ళాను. పడిపోయిన కొబ్బరిచెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కాయలు కోయించి, ఎవరెవరికి పంపాలో లెక్క వేసుకుంది. నేను కారెక్కబోతుంటే పిలిచి అడిగింది.

"మళ్ళీ ఎప్పుడైనా వస్తే ముందు నాకు చెప్తావుగా?"

"చెప్తాను నాయనమ్మా. ఉప్పెన సంగతే ముందు చెప్తాను."